సింకు అడుగున నంబరు

మంగళవారం పొద్దున ఏడున్నరకి చిన్నమేస్త్రి భార్య ఆ రోజు పనిని మూడు ముక్కల్లో తేల్చి చెప్పింది.

"పదింటికి ఫోన్ల షాపుకి వెళ్ళండి. పదిన్నరకల్లా కంపెనీ మార్చేసుకోండి. పదకొండుకి ఇంటికొచ్చి మన వంటింటి కుళాయి చూడండి. మూడు నెల్లుగా కారుతోంది."

"మన కుళాయి ఎక్కడికి పోతుందిలే," అన్నాడు చిన్నమేస్త్రి.

"కుళాయి పోదు. నీళ్ళే పోతున్నాయి."

ఊరందరి కుళాయిలూ బాగుచేసే మనిషి ఇంట్లో కుళాయి కారడం వింత కాదు. ఫోన్ సంగతి మాత్రం ఇక వాయిదా వేసే వీలు లేకపోయింది. అంతకుముందు శనివారం అతను ఒక అయిదంతస్తుల భవనంలో, అన్నిటికన్నా కింది వాటాలో, సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అదే భవనం మూడో అంతస్తులో పైపు పగిలింది. ఆ ఇంటావిడ అతనికి పందొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. ఒక్కసారీ మోగలేదు. ఆ కంపెనీ సిగ్నల్‌కి సింకు కిందకి దూరే అలవాటు లేదు. చివరికి కబురు తానే మెట్ల మీదుగా దిగివచ్చి అతని మడమల్ని తడిపింది. పైకి పరుగెత్తి చూస్తే, ఆవిడ చీపురు పట్టుకుని చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. "ఇంత దగ్గర్లో ఉండి అంత దూరమెలా అయిపోయావయ్యా?" అని అడిగింది.

కంపెనీ మారినా నంబరు మారక్కర్లేదని తెలిశాకే అతను మారడానికి ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఆ నంబరు అతనిది కాదు, అన్నయ్యది. పెద్దమేస్త్రి ఇరవై రెండేళ్ళ కిందట ఆ నంబరు తెచ్చినప్పుడే ఒక పద్ధతి పెట్టాడు. ఏ ఇంట్లో సింకు బాగుచేసినా, పడుకున్నవాడు లేవకముందే, సింకు అడుగున చెరగని నల్ల సిరాతో నంబరూ, దాని కింద తేదీ రాయాలి. "కాగితం మీద రాసిస్తే పారేస్తారు. గోడ మీద రాస్తే రంగు వేసేస్తారు. సింకు అడుగున రాస్తే, నీళ్ళు కారిన రోజున వాళ్ళే వంగి చూస్తారు," అనేవాడు. అలా ఊళ్ళో ఎన్ని వందల సింకుల అడుగున అతని చేతిరాత ఉందో ఎవరికీ తెలియదు. ఏడు అంకె నడుముకి చిన్న అడ్డగీత పెట్టడం అతని అలవాటు. పాత ఇళ్ళకి పనికి వెళ్ళినప్పుడల్లా చిన్నమేస్త్రి టార్చి వెలిగించి, ముందు ఆ ఏడుని చూసుకుని, ఆ తరవాతే పానా అందుకుంటాడు.

పెద్దమేస్త్రి పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. "అప్పుడు" అంటారు. "ఆ తరవాత" అంటారు. పాత ఇళ్ళవాళ్ళు, "పెద్దాయన రాలేదేం?" అని అడిగితే చిన్నమేస్త్రి నోటికి వచ్చే జవాబు ఒకటే: "వేరే చోట పని మీద ఉన్నాడమ్మా." పదకొండు నెలలుగా ఆ జవాబు ఎక్కడా చుక్క కారకుండా పనిచేస్తోంది.

"నంబరు బావగారి పేరు మీదే ఉండి ఉంటుంది కదా," అంది భార్య. "కాగితాలేవో అడుగుతారు. పైకెళ్ళి అక్కయ్యని ఒక్కమాట..."

"వద్దు. వదినని కదపకు. ఒక్క నంబరు కోసం ఆవిడ చేత అన్నయ్య కాగితాలున్న ఆ బీరువా తెరిపిస్తామా?"

పై వాటాలో ఉండే వదిన అప్పుడే మెట్లు దిగుతోంది. ముప్ఫై ఏళ్ళుగా పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంటున్న మనిషి. ఫారం తిరగేసి పట్టుకున్నా అందులో తప్పెక్కడుందో చెప్పగలదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు.

"నన్ను చూడగానే మాటలు కట్టేశారేం?" అంది వదిన, గొడుగు చంకలో పెట్టుకుంటూ. "ఆ కట్టేదేదో ఆ కుళాయిని కట్టండి. రాత్రల్లా చప్పుడు."

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ఆగి, చిన్నమేస్త్రి కంపెనీ మార్పుకి సందేశం పంపాడు. వెంటనే ఒక కోడు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకానే అది చెల్లుతుందని కింద రాసి ఉంది. నాలుగు రోజులు. గంట పనికి నాలుగు రోజులు దేనికో అనుకున్నాడు.

కొత్త కంపెనీ షాపు అద్దాల తలుపులతో చల్లగా ఉంది. గోడ నిండా ఒక పెద్ద బొమ్మ. ఓడ మీద నిలబడి ఎవరో ఫోన్లో పకపకా నవ్వుతున్నాడు. "నడిసముద్రంలోనూ మీ వెంటే" అని కింద రాసి ఉంది. కౌంటరు అమ్మాయి కోడు చూసింది, కంప్యూటర్లో ఏదో కొట్టింది.

"నంబరు ఎవరి పేరు మీద ఉంది సార్?"

"మా అన్నయ్య పేరు మీద."

"అయితే ఆయన రావాలండీ. కార్డు తెచ్చుకుని ఇక్కడ ఫోటో దిగాలి."

ఇక్కడ చెప్పవలసింది ఒక్క మాట. అది చెప్పి ఉంటే ఏయే కాగితాలు కావాలో ఆ అమ్మాయి చెప్పేది, పదకొండుకల్లా వంటింటి కుళాయి కూడా బాగుపడేది. చిన్నమేస్త్రి నోరు తెరిచాడు. మాట అలవాటైన దారినే బయటికొచ్చింది.

"వేరే చోట పని మీద ఉన్నాడమ్మా."

"ఎప్పుడొస్తారు?"

పదకొండు నెలల్లో ఈ రెండో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"ఇప్పట్లో రాడు."

"ఏ ఊళ్ళో ఉన్నారు?"

చిన్నమేస్త్రి దిక్కులు చూశాడు. ఉన్న ఒక్క దిక్కునా గోడ మీది బొమ్మ కనిపించింది. "ఊరు కాదమ్మా. ఓడ," అన్నాడు.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "ఓడలోనా! మా సిగ్నల్ ఓడలో కూడా వస్తుంది సార్. అదుగో, చూడండి! ఇప్పుడే వీడియో కాల్ చేద్దాం. ఆయన కార్డు చూపిస్తే చాలు, మేనేజరుగారిని నేను ఒప్పిస్తాను."

నమ్ముకున్న గోడే మీద పడ్డట్టయింది.

"వాడు పైన ఉండడమ్మా. బాగా అడుగున ఉంటాడు. అక్కడికి ఎవరి సిగ్నలూ రాదు."

"అడుగునా? ఏం పని సార్?"

"ప్లంబరు."

"ఓడకి ప్లంబరెందుకండీ? చుట్టూ నీళ్ళేగా!"

"అందుకేనమ్మా మరీ అవసరం," అన్నాడు చిన్నమేస్త్రి. తన వృత్తి మీదికి మాట వచ్చేసరికి తెలియకుండానే గొంతు గట్టిపడింది. "బయట ఉండాల్సిన నీళ్ళు బయట, లోపల ఉండాల్సిన నీళ్ళు లోపల ఉండాలి కదా. ఆ ఓడలో నూట ఎనభై సింకులు."

నూట ఎనభై అని ఎందుకన్నాడో అతనికే తెలియదు. అంకె వేస్తే అబద్ధం గట్టిగా నిలుస్తుందనుకున్నాడు. మరీ గట్టిగా నిలిచింది. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"సార్! మా ఆయన వెల్డరు. ఓడల్లో పని కోసం ఏడాదిగా తిరగని చోటు లేదు. మీ అన్నయ్యగారితో ఒక్కమాట చెప్పండి సార్. మీ నంబరు పని నాది, మా ఆయన పని మీది!"

సరిగ్గా అప్పుడే చిన్నమేస్త్రి జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే తెలియని నంబరు.

"మేడమ్‌గారితో మాట్లాడాలండీ," అంది అటునుంచి ఒక మృదువైన ఆడగొంతు.

"ఇది ప్లంబరు నంబరమ్మా. ఇక్కడ మేడమ్‌లెవరూ లేరు," అని పెట్టేశాడు.

ఆ అమ్మాయి ఫారం ముందుకు తోసింది. నంబరు వాడే వ్యక్తి ఉద్యోగం అన్నచోట తానే "ఓడ" అని రాసుకుంది. చిరునామా అన్నచోట చిన్నమేస్త్రి పై వాటా చిరునామా రాశాడు. "ఆయన రాలేకపోతే, నంబరు మీకిస్తున్నట్టు సంతకం చేసిన ఉత్తరం తెప్పించండి. మిగతాది నేను చూసుకుంటాను," అంది ఆ అమ్మాయి. మంచి అమ్మాయి. అదే పెద్ద ఇబ్బంది అయిపోయింది. కసురుకునే మనిషైతే చిన్నమేస్త్రి ఆ రోజే వదిలించుకుని ఇంటికొచ్చేవాడు.

బుధవారం పొద్దున భార్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు.

"నా చేత దొంగ ఉత్తరాలు రాయిస్తారా?" అంది ఆవిడ, కలం మూత తీస్తూనే.

"దొంగ ఉత్తరం కాదే. వాడుంటే ఇదే రాసేవాడు. రాయి... చిరంజీవి తమ్ముడికి, ఇక్కడ నేను క్షేమం. పని బాగానే ఉంది."

"సింకులెన్నో రాయనా?"

"నూట ఎనభై. ఇక మీదట నా నంబరు నువ్వే వాడుకో. ఎవరైనా ఫోన్ చేస్తే రెండో గంట మోగకముందే తియ్యి. పని అయ్యాక..." అని ఆగిపోయాడు.

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"పని అయ్యాక తేదీ వెయ్యడం మరిచిపోకు," అని భార్యే నెమ్మదిగా పూర్తి చేసింది. సంతకం ఎడమచేత్తో పెట్టింది. అందులో ఏడు అంకె లేదు కాబట్టి అడ్డగీత పెట్టే అవసరం రాలేదు.

మర్నాడు ఉత్తరం చూసి కౌంటరు అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"మొన్న అడిగితే ఇవాళ వచ్చేసిందా? సముద్రంలోంచి?"

"ఓడ దగ్గర్లోనే ఆగిందమ్మా."

"దగ్గర్లోనా! అయితే ఆయన్నే ఒక్కసారి దిగి రమ్మనండి సార్! ఇంకా ఉత్తరమెందుకు?"

"దిగనివ్వరు."

"ఎందుకని?"

"నూట ఎనభై సింకులమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి ఆ జవాబుని ఆలోచించింది. అందులో న్యాయం ఉందనిపించింది కాబోలు, తలూపింది. కానీ మేనేజరు ఒప్పుకోలేదు. ఓడవాళ్ళ ముద్ర లేని ఉత్తరం చెల్లదన్నాడు. "పోనీ, మీరేం దిగులు పడకండి," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "ఓడ దగ్గర్లోనే ఉందిగా. మా ఆయన్నే పంపిస్తాను. ఉత్తరం మీద ముద్రా వేయిస్తాడు, తన పనీ మాట్లాడుకుంటాడు."

"ఏ ఓడో అతనికెలా తెలుస్తుందమ్మా?"

"ఇంటి చిరునామా ఉందిగా. ఇంట్లోవాళ్ళని అడుగుతాడు."

వద్దని చిన్నమేస్త్రి అంటూండగానే మళ్ళీ ఫోన్ మోగింది. "మేడమ్‌గారు..." అంది అదే ఆడగొంతు. "లేరు! లేరు! లేరు!" అని అతను ఫోన్‌ని జేబులో కుక్కేసరికి, ఆ అమ్మాయి వరసలో తరవాతి మనిషి ఫారం అందుకుంది.

ఆ సాయంత్రం చిన్నమేస్త్రి గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. ఆరింటిదాకా ఎవరూ రాలేదు. ఆరుంబావుకి ఎదురింటి పైపు కారుతోందని పిలుపొచ్చి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పై వాటా మెట్ల దగ్గర ఒక జత కొత్త చెప్పులున్నాయి. తరవాత ఒక బక్కపలచని మనిషి మెట్లు దిగి, ఆ చెప్పులు తొడుక్కుని, అతనికి రెండు చేతులా దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పైన ఏం జరిగిందో అడిగే ధైర్యం చిన్నమేస్త్రికి లేదు. వదిన మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని, "ఇంకా కారుతోంది," అని మాత్రం అని పనికి వెళ్ళిపోయింది. అది కుళాయి గురించేనని నమ్మడానికి అతను చాలా కష్టపడ్డాడు.

శుక్రవారం నాలుగింటికి, ఇక చేసేదేమీ లేక, కోడు చెల్లే ఆఖరి రెండు గంటలూ పట్టుకుని చిన్నమేస్త్రి షాపుకి వెళ్ళాడు. ఆరు దాటితే మళ్ళీ కోడు అడగాలి, మళ్ళీ ఓడ ఎక్కాలి. అదీ కాకపోతే కొత్త నంబరు తీసుకుని, ఊళ్ళో వందల సింకుల అడుగున అన్నయ్య రాసిందంతా పనికిరానిదిగా చెయ్యాలి. దారి పొడుగునా ఒక కొత్త అబద్ధం కోసం వెతుక్కున్నాడు. ఓడ బయలుదేరి వెళ్ళిపోయిందని చెప్పడమే మేలనిపించింది.

అద్దాల తలుపు తోసేసరికి కౌంటరు ముందు కుర్చీలో వదిన కూర్చుని ఉంది. ఒళ్ళో గొడుగు, చేతిలో వెల్డరు దరఖాస్తు. ఆవిడ దాన్ని ఎర్రకలంతో దిద్దుతోంది.

"రండి సార్!" అంది కౌంటరు అమ్మాయి సంబరంగా. "మీ వదినగారు ఎంత మంచివారో! మా ఆయన పుట్టినతేదీ దగ్గర సంతకం పెట్టాడట, దిద్ది ఇస్తున్నారు. ఇంతకీ ఓడ నుంచి కబురేమైనా వచ్చిందా?"

చిన్నమేస్త్రి వదిన వైపు చూశాడు. వదిన కళ్ళద్దాల మీదుగా అతని వైపు చూసింది. సాయం చెయ్యలేదు. కౌంటరు దగ్గరికి తప్పుడు ఫారంతో వచ్చినవాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా చూసినట్టే చూస్తూ కూర్చుంది.

"ఓడ లేదమ్మా," అన్నాడు చిన్నమేస్త్రి.

"వెళ్ళిపోయిందా?"

"అసలు లేనే లేదు. మా అన్నయ్య..." గొంతులో ఏదో అడ్డం పడింది. ఇలాంటి అడ్డాలు తియ్యడమే తన పని. తీశాడు. "మా అన్నయ్య చనిపోయాడమ్మా. పదకొండు నెలలైంది."

ఆ అమ్మాయి నెమ్మదిగా లేచింది. ఆమె కళ్ళలో జాలి లేదు, కోపం ఉంది.

"సార్, మొన్నే కదా ఉత్తరం రాశారు!"

"అది మా ఆవిడ రాసింది."

"పని బాగానే ఉందని రాశారు!"

"అదీ ఆవిడే."

"నంబరు కోసం ఎవరైనా ఇంత మాట అంటారా సార్? బంగారంలాంటి మనిషి, అక్కడ ఓడ అడుగున రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే... వదినగారి ముందరే!"

వరసలో వెనక నిలబడ్డ పెద్దాయన "తప్పు నాయనా," అన్నాడు. ఆయన వెనకున్నావిడ "కలికాలం," అంది. మూడు రోజులు అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. ఒక్క నిజం చెప్పేసరికి వరసలో నిలబడడానికి చోటు లేకుండా పోయింది.

"అమ్మాయ్, కూర్చో," అంది వదిన. "అతను చెప్పింది నిజమే." ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. వదిన సంచి తెరిచి, తన గుర్తింపు కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. "కాగితాలేం అక్కర్లేదు. ఆ నంబరు నా పేరు మీదే ఉంది."

ఈసారి చిన్నమేస్త్రి కూర్చోవలసి వచ్చింది.

"మీ పేరు మీదా?"

"మీ అన్నయ్య సిమ్ము కొనడానికి వెళ్ళిన రోజు గుర్తులేదూ? జేబులో కార్డు ఎన్నిసార్లు తడిసిందో! ఫోటోలో మొహం పోయి మీసం ఒక్కటే మిగిలింది. మీసాన్ని చూసి సిమ్ము ఇవ్వనన్నాడు షాపువాడు. ఇంట్లో తడవని కార్డు నాదొక్కటే."

"మరి నాకు చెప్పలేదేం వదినా?"

"నువ్వడిగావా?"

"మిమ్మల్ని కదపకూడదని..."

"నేనేమన్నా పాత పైపునా, కదిపితే ఊడిపోవడానికి?" అంది వదిన. దరఖాస్తు మడతపెడుతూ, గొంతు తగ్గించింది. "నిన్న ఆ అబ్బాయి వచ్చి, సార్ బాగున్నారటండీ, ఓడలో పైపులన్నీ ఆయన చేతిమీదే నడుస్తున్నాయట అన్నాడు. కాదనాలనిపించలేదు. కూర్చోబెట్టి ఇంకా ఏమేం విన్నాడో చెప్పమన్నాను."

చిన్నమేస్త్రి తలవంచుకున్నాడు. ఫోన్ మోగింది. అదే నంబరు. "మేడమ్‌గారితో..." అంది ఆ గొంతు, విసుగు అణచుకుంటూ. అతను ఈసారి మాట్లాడకుండా ఫోన్‌ని వదిన చేతిలో పెట్టాడు. అది పాత కంపెనీవాళ్ళు. ఇరవై రెండేళ్ళ కస్టమరు ఎందుకు వెళ్ళిపోతోందో కనుక్కోవడానికి నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నారట.

"మీ మీద కోపమేం లేదమ్మా," అంది వదిన. "మా మరిది సింకు కిందకి వెళ్తాడు. మీరు రావడం లేదు."

ఫోటో దిగి, సంతకం పెట్టి, అంతా ముగిసేసరికి అయిదు కూడా కాలేదు. వెల్డరుకి ఓడ దొరకలేదు గాని, సోమవారం నుంచి చిన్నమేస్త్రితో పనిలోకి వచ్చాడు. పెద్ద పైపుల అతుకులకి మనిషి కావలసే ఉంది. వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని వంటింటి కుళాయి. రెండోది మూడో అంతస్తు ఆవిడ ఇల్లు. అక్కడ సింకు కింద పడుకుని చిన్నమేస్త్రి టార్చి వేసి ఏడుని చూసుకుంటూండగా ఫోన్ మోగింది, మొదటి గంటకే తీశాడు. లేచేముందు అన్నయ్య రాసిన నంబరు కింద ఆ రోజు తేదీ మాత్రం వేశాడు. నంబరు మళ్ళీ రాయవలసిన అవసరం లేకపోయింది.

కొత్త కంపెనీ ఫారంలో "ఓడ" అన్న మాటని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ నంబరుకి ఒక సందేశం వస్తుంది: సముద్రం మీద ఉన్న మీవారితో మాట్లాడండి, మొదటి పది నిమిషాలు ఉచితం. చిన్నమేస్త్రి దాన్ని తుడిచెయ్యకుండా పై వాటాకి తీసుకెళ్ళి చూపిస్తాడు. వదిన కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "పది నిమిషాలు చాలవు," అంటుంది.